నాననివ్వండి

ఇంట్లోకి ఫ్రిజ్ వస్తుంటే ఎవరూ వాదించుకోరు. టీవీ వస్తే పిల్లలు గంతులేస్తారు. వాషింగ్ మెషిన్ వచ్చిన రోజు ఇల్లాలు నడుం నిటారుగా పెట్టి హమ్మయ్య అనుకుంటుంది. గిన్నెలు తోమే మెషిన్‌కు మాత్రం అంత సులువుగా ప్రవేశం దొరకదు. అది గుమ్మం దాటాలంటే ముందు ఇంట్లో చిన్నపాటి సభ జరగాలి.

"ఉన్నదే నలుగురం, ఎన్ని గిన్నెలని?" అని ఒకరు. "మన జిడ్డు మూకుళ్లు దానివల్ల ఏమవుతాయి?" అని ఇంకొకరు. "కరెంటు బిల్లు మాట కూడా చూసుకోండి మరి" అని హాల్లోంచి మూడో గొంతు. ఊళ్లో ఉన్న పెద్దావిడకు ఫోన్‌లో చెబితే, కాసేపు ఆగి, "గిన్నెలకీ మిషనేనా!" అంటుంది. కోపంగా కాదు. ఎన్ని వేల గిన్నెలు ఆ చేతుల మీదుగా వెళ్లాయో ఆవిడకే తెలియదు. అదంతా ఒక పెట్టె చేసిపెడుతుందంటే నమ్మడానికి కాస్త వ్యవధి కావాలి.

బట్టలుతికే యంత్రానికి లేని మొహమాటం దీనికెందుకో ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. వంట అందరికీ కనిపించే పని. బాగుందనో, ఉప్పు తగ్గిందనో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. తోమిన గిన్నె గురించి ఎవరూ ఏమీ అనరు. తోమని గిన్నె గురించే మాట వస్తుంది. ఎవరి కంటికీ ఆనని పనికి ముప్పై నలభై వేలు పెట్టాలంటే చెయ్యి వెనకాడటం సహజమే.

సభ ఎలాగో ముగుస్తుంది. కొందామనే తేలుతుంది. అప్పుడు షోరూంకి వెళతాం. అక్కడ అడుగుపెట్టగానే ఇంటిల్లిపాదీ కరెంటు ఇంజనీర్లయిపోతారు. మన దేశంలో 2006లో స్టార్ లేబుళ్లు మొదలైన దగ్గర్నుంచి ఫ్రిజ్ ముందు, ఏసీ ముందు నిలబడి నక్షత్రాలు లెక్కపెట్టడం అలవాటైపోయింది. గిన్నెల మెషిన్ ముందు కూడా తొలి ప్రశ్న అదే. ఎంత కరెంటు తాగుతుంది?

యూరప్‌లో దీనికి పద్ధతిగా ఒక చీటీ అంటిస్తారు. 2021 మార్చి 1 నుంచి కొత్త రూపంలో వస్తున్న ఆ చీటీ మీద ఏ నుంచి జీ దాకా అక్షరాలు, వంద సార్లు నడిపితే ఎన్ని యూనిట్లు, ఒక్కో సారికి ఎన్ని లీటర్ల నీళ్లు, ఎంతసేపు, ఎంత చప్పుడు అన్నీ ఉంటాయి. పెద్ద సైజు మెషిన్లు వంద సార్లకు సుమారు 55 యూనిట్ల నుంచి 95 దాకా తీసుకుంటాయి. రోజుకోసారి నడిపే ఇంట్లో, యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే, బాగా పొదుపైనదానికీ కానిదానికీ తేడా ఏడాదికి పన్నెండు వందల లోపే. షోరూంలో నిలబడి అరగంట కాలిక్యులేటర్ నొక్కినవాళ్లకు ఇది కాస్త నిరాశ కలిగించే లెక్క.

ఇంకో లెక్క కూడా ఉంది. అది మరీ సరదాగా ఉంటుంది. ఈ మెషిన్ల సైజును లీటర్లలోనో కిలోల్లోనో చెప్పరు. ఎంతమంది భోజనానికి సరిపోతుందో చెబుతారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని. ఆ ఒక్కొక్కరి కిందా పెద్ద పళ్లెం, సూపు పళ్లెం, చిన్న పళ్లెం, కప్పు, సాసరు, గ్లాసు, కత్తి, ఫోర్కు, రకరకాల చెంచాలు వస్తాయి. అంటే అది యూరప్‌లో ఒక పెద్దమనిషి విందు భోజనం. మన నలుగురి ఇంట్లో కంచాలు నాలుగే ఉంటాయి. వాటి వెనకాల పప్పు గిన్నె, చారు గిన్నె, కూర మూకుడు, పెరుగు గిన్నె, పాల గిన్నె, కాఫీ ఫిల్టరు, మిక్సీ జార్లు రెండు, కుక్కరు, అందులో పెట్టిన గిన్నెలు, నాలుగు రేకుల ఇడ్లీ స్టాండు. పద్నాలుగు మందికి సరిపోయే పెట్టె నలుగురికే కిక్కిరిసిపోతుంది.

పరీక్షలు చేసేవాళ్లు ఆ పళ్లాలకు కావాలని పూసే మురికి కూడా నిర్ణయించిపెట్టారు. పాలు, టీ, గుడ్డు, ఓట్స్ జావ, పాలకూర, మాంసం ఖీమా, వెన్నలాంటి మార్గరీన్. వాటిని ఎండబెట్టి మరీ తోమిస్తారు. అందులో మన గోంగూర లేదు, మాడిన పులిహోర పోపు లేదు, నెయ్యి కలిసి గడ్డకట్టిన ముద్దపప్పు లేదు. మన వంటింటి పరీక్ష మనమే పెట్టుకోవాలి. మాకు తెలిసిన ఒక పెద్దాయన షోరూంకి చేతిసంచీతో వెళ్లి, అందులోంచి ఇంట్లోని అతి పెద్ద గిన్నె తీసి మెషిన్‌లో బోర్లించి చూశాడు. పై అర కాస్త పైకి జరిపితేగానీ పట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నిజానికి ఏ నక్షత్రాల లెక్క కన్నా అదే అసలైన పరిశీలన. పట్టని గిన్నెల కోసం రెండోసారి నడిపితే పొదుపంతా గాలికి పోతుంది మరి.

ఇంతకీ ఆ కరెంటు పోయేదెక్కడికి? ఎక్కువ భాగం నీళ్లు కాగడానికి. నీళ్లను పైకి చిమ్మే మోటారు తినేది కొంచెమే. పది లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి డెబ్భై డిగ్రీలకు తేవాలంటే అర యూనిట్ పైన కావాలి. యాభై డిగ్రీలతో ఊరుకుంటే పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ చాలు. అందుకే పొదుపు మీట నొక్కితే యంత్రం నీళ్లను గోరువెచ్చకు కాస్త పైన ఆపేస్తుంది. వేడి తగ్గినందుకు బదులుగా ఏం చేస్తుందీ అంటే, ఎక్కువసేపు తీసుకుంటుంది. మూడు గంటలు. కొన్ని నాలుగు గంటలు కూడా.

ఇక్కడే కొనేవాళ్లు ఉలిక్కిపడతారు. "నాలుగు గంటలా? అంతసేపు తిరిగితే మీటరు తిరగదా?" అని. అరగంటలో తేల్చేసేది చవక, గంటల తరబడి సాగేది ఖరీదు అని మనకు ఎవరో ఎప్పుడో నేర్పేశారు. ఆటో ఎక్కినప్పటి అలవాటు కావచ్చు. ఇక్కడ అది తలకిందులు. తొందరపెడితే యంత్రం నీళ్లను ఎక్కువ కాస్తుంది. ఆగితే తక్కువ కాస్తుంది.

జర్మనీలో హెంకెల్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే ఆయన 1959లో ఈ సంగతిని గుండ్రటి బొమ్మ గీసి చూపించాడు. ఏ మురికి వదలాలన్నా నాలుగు కావాలి. వేడి, రాపిడి, మందు, సమయం. నాలుగూ కలిసి ఒక పూర్తి వలయం. ఒకటి తగ్గిస్తే మిగిలినవి ఆ మేరకు పెరగాలి, అంతే. శుభ్రం చేసే పనులన్నిటికీ ఇప్పటికీ ఆ వలయమే లెక్క.

ఆ బొమ్మ చూస్తుంటే జర్మనీ కాదు, మన పెరళ్లే గుర్తుకొస్తాయి. నూతి గట్టు పక్కన చిన్న చప్టా, దాని మీద సాయంత్రపు అంట్లు. పక్కన చిప్పలో పొయ్యిలోంచి తీసిన బూడిద, పిండేసిన చింతపండు తుక్కు, ఇత్తడికి ఇటుక పొడి. అది మందు. కొబ్బరి పీచు చుట్ట, అది రాపిడి. కడిగి బోర్లించిన గిన్నెల మీద మర్నాడు పడే ఎండ, అది వేడి. ఇక నాలుగోది. అడుగంటిన పాలగిన్నెలో చెంబుడు నీళ్లు పోసి, ఓ మూలకు జరిపి, "ముట్టుకోకు, నాననీ" అనేవారు మన నాయనమ్మలు. పొద్దున్నకి ఆ మాడు దానంతటదే పొరలా లేచి వచ్చేది. వేలితో నెట్టినా ఊడేది. పొద్దున్నే గోకడం మొదలుపెట్టిన కొత్త కోడలికి వాళ్లు చెప్పిన పాఠం ఒక్కటే. గోకకు, నానబెట్టు.

ఇప్పటి మెషిన్‌లో మూడున్నర గంటల పొదుపు మీట చేసేదీ ఇంచుమించు అదే. మందు బిళ్లలో ఉన్న ఎంజైములు అన్నం గంజినీ, పప్పునూ, గుడ్డునూ మెల్లగా కొరుకుతూ వెళతాయి. అవి పనిచేయడానికి సలసల కాగే నీళ్లక్కర్లేదు. మధ్యమధ్య నీళ్లు చిమ్మడం ఆగి లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. యంత్రం చెడిపోయిందేమోనని తలుపు తీయబోతారు కొత్తవాళ్లు. చెడిపోలేదు. నానుతోంది.

ఆలస్యం అమృతం విషం అన్నవాళ్లే నిదానమే ప్రధానమనీ అన్నారు. ఒకే ఇంట్లో రెండు సామెతలూ బతుకుతాయి. పొద్దున బడి బస్సు వేళకు మొదటిది, రాత్రి అంట్లకు రెండోది.

పెరటి గురించి రాసేటప్పుడు కలం దానంతటదే తియ్యగా అయిపోతుంది. కొంచెం పట్టుకోవాలి. ఆ చప్టా మీద గొంతుకూర్చున్న మనిషికి మోకాళ్లు ఉండేవి. ధనుర్మాసం తెల్లవారుజామున నూతి నీళ్లు చేదుకుని తోమే చేతులకు చలి ఉండేది. బూడిద తగిలి అరచేతులు బీటలు వారేవి. రాత్రి పడుకోబోయే ముందు ఆముదమో కొబ్బరినూనో రాసుకోవడం ఆ తరం ఆడవాళ్లందరికీ ఒక దినచర్య. ఇంట్లో పెళ్లయితే గుండిగలు, డేగిశాలు తోమేవాళ్లకు ఆ పెళ్లి ఎలా జరిగిందో తెలిసేది కాదు. మంగళవాయిద్యం పెరట్లోకి వినిపించేది, అంతే.

అయినా అంట్లు తోమిన ఆ నీళ్లు వృథా పోయేవి కావు. చప్టా కింద నుంచి పిల్లకాలువలా సాగి అరటి మొక్కల మొదట్లోకి, చేమ దుబ్బుల్లోకి చేరేవి. బూడిద కలిసిన ఆ నీళ్లకు అరటి గెలలు ఎంత బలంగా వేసేవో చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సబ్బు నురగ కలిసిన సింకు నీళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఇంకొక చిన్న విషయం. ప్లాస్టిక్ డబ్బాకు పసుపు మరక పడితే ఏ మెషినూ పూర్తిగా వదిలించలేదు. ఒక పూట ఎండలో పెట్టి చూడండి, వెలిసిపోతుంది. పసుపులోని రంగుకు ఎండంటే గిట్టదు. గిన్నెలు ఎండలో బోర్లించిన మన పెద్దవాళ్లకు కారణం తెలిసి ఉండకపోవచ్చు. ఫలితం తెలుసు.

ఈ యంత్రం పుట్టుక వెనకా ఒక ఇల్లాలే ఉంది. అమెరికాలో, ఇల్లినాయిస్ రాష్ట్రం షెల్బీవిల్ ఊళ్లో ఉండే జోసెఫీన్ కాక్రన్. ఆవిడ ఇంట్లో తరచూ విందులు జరిగేవి. పింగాణీ పళ్లాలు తోమేటప్పుడు అంచులు విరుగుతున్నాయని ఆవిడ బాధ. 1883లో భర్త పోయాడు. అప్పులు మిగిలాయి. అప్పటిదాకా సరదా ఆలోచనగా ఉన్నది బతుకుతెరువయింది. ఇంటి వెనక పాకలో, జార్జ్ బటర్స్ అనే మెకానిక్ సాయంతో, పళ్లాల సైజుకు తీగలతో అరలు అల్లి, వాటిని రాగి బాయిలర్‌లో చక్రం మీద పెట్టి, సబ్బు నీళ్లు వాటి మీదికి చిమ్మేలా చేసింది. గీకడం లేదు, రుద్దడం లేదు, నీటి వేగమే పని చేస్తుంది. 1886 డిసెంబరు 28న పేటెంట్ వచ్చింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో వేలమంది భోజనాల పళ్లాలు ఆవిడ యంత్రాలే కడిగాయి.

హోటళ్లు కొన్నాయి. ఇళ్లవాళ్లు మాత్రం చాలాకాలం కొనలేదు. ధర ఒక కారణం. ఇంకొకటి, దానికి కావలసినంత వేడినీళ్లు ఆనాటి ఇళ్లలో లేకపోవడం. అంటే ఈ యంత్రానికి పుట్టినప్పటి నుంచి ఉన్న చిక్కు వేడినీళ్లే. నూట ముప్పై ఏళ్ల తర్వాత మనం షోరూంలో అడుగుతున్న ప్రశ్న కూడా ఆ వేడినీళ్ల ఖర్చు గురించే.

పడమటి దేశాల్లో చేత్తో తోమినా వేడినీళ్లతోనే తోముతారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో రైనర్ స్టామింగర్ బృందం వేరు వేరు దేశాల మనుషుల చేత పన్నెండు మంది భోజనం గిన్నెలు తోమించి చూసింది. సగటున వంద లీటర్లకు పైగా నీళ్లు, రెండున్నర యూనిట్ల వేడి ఖర్చయ్యాయట. దాని పక్కన యంత్రం పొదుపరే. కాబట్టి ఆ ఊళ్లలో "మెషిన్ కొంటే కరెంటు ఆదా" అనడం సబబుగానే ఉంటుంది.

మన దగ్గర కథ వేరు. విజయవాడలో, వరంగల్‌లో ఎవరు గిన్నెలకు నీళ్లు కాస్తారు? ఎండాకాలం మధ్యాహ్నం కుళాయి తిప్పితే నీళ్లు కాగే వస్తాయి, అది వేరే సంగతి. మనం చన్నీళ్లతో తోముతాం. ఆ పనికి మీటరు ఒక్క పిసరు కూడా కదలదు. కనుక నిజం చెప్పుకుంటే మన ఇంట్లో ఎంత పొదుపైన మెషిన్ పెట్టినా కరెంటు బిల్లు పెరుగుతుందే గాని తగ్గదు. నెలకు ముప్పై యూనిట్ల లోపు పెరుగుతుంది. తగ్గేది నీళ్లు. నిమిషానికి ఆరు లీటర్లు పోసే కుళాయిని వదిలేసి తోమితే పావుగంటలో తొంభై లీటర్లు పోతాయి. యంత్రం పది లీటర్లతో సరిపెడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ కోసం గేటు వైపు చూసే హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

అయితే ఆ నీళ్ల గుణం కూడా చూసుకోవాలి. బోరు నీళ్ల బకెట్‌కు పట్టే తెల్ల చారను మనం ఎరుగుదుం. అదే చార మెషిన్‌లో గాజు గ్లాసుల మీదా, నీళ్లు కాచే హీటరు మీదా పేరుకుంటుంది. పొర మందమైన కొద్దీ కరెంటు దండగ. అందుకే అడుగున ఒక చిన్న గదిలో ఉప్పు పోయమంటారు. ఆ ఉప్పు గిన్నెలకు తగలదు. నీళ్ల గట్టితనాన్ని పట్టుకునే జిగురు పూసలు ఉంటాయి, వాటిని మళ్లీ మళ్లీ కడిగి పనికొచ్చేలా చేస్తుంది. పొదుపు మెషిన్ కొని ఉప్పు పోయడం మరిచిపోయిన ఇళ్లలో గ్లాసులు మసకబారి, నింద మెషిన్ మీద పడుతుంది.

ఇక అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లకు వెళ్లివచ్చిన అమ్మానాన్నలు చెప్పే కబుర్లలో ఈ యంత్రానిది ఒక ప్రత్యేక అధ్యాయం. అక్కడ అది అద్దె ఇంటితోనే వస్తుంది. చాలా ఏళ్లు మనవాళ్లు దాన్ని గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండుగా వాడుకున్నారు. సింకులో తోమడం, అందులో బోర్లించడం. కొందరు మూకుళ్లూ పెనాలూ దాచుకునే బీరువాగా వాడుకున్నారు. కొడుకో కోడలో మీట నొక్కి చూపిస్తే, అమ్మ మర్నాడు ప్రతి కంచాన్నీ సబ్బుతో తోమి, తళతళలాడించి, అప్పుడు మెషిన్‌లో పెట్టింది. "ఎంగిలి కంచం దాంట్లో ఎలా పెడతాంరా!" అంది.

ఆవిడ సమస్య యంత్రం కాదు. ఎంగిలి గిన్నెలన్నీ ఒకే పెట్టెలో, ఒకే నీళ్లలో తిరుగుతాయన్నది ఆవిడకు మింగుడుపడలేదు. నీళ్లు మారుతాయనీ, చివరికి శుభ్రమైన నీళ్లతో జాడిస్తుందనీ కొడుకు చెప్పాడు. ఆవిడ తల ఊపింది. తోమడం మానలేదు. మెతుకులు దులిపి పెడితే చాలు, ముందు కడగడం దండగని కంపెనీలన్నీ చెబుతాయి. కొన్ని మెషిన్లలో నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసే కన్ను కూడా ఉంటుంది. కడిగిన గిన్నెలు పెడితే అది పని లేదనుకుంటుంది. ఆ సంగతి ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు. గెలవాలని ఎవరూ గట్టిగా ప్రయత్నించనూ లేదు.

పెరట్లో నూతి గట్టు దగ్గర తోమే పనిలో కబుర్లుండేవి. ఒకరు తోముతుంటే ఒకరు కడిగేవారు. తోటికోడళ్ల మధ్య అలకలు తీరిందీ, పెళ్లి కాని ఆడపిల్ల తన మనసులో మాట వదినకు చెప్పిందీ ఆ గట్టు మీదే. చేతులకు పని ఉండి, కళ్లు కిందికి ఉన్నప్పుడు కొన్ని మాటలు సులువుగా వస్తాయి. ఇప్పుడు ఆ జంట పని పోయింది. ఏ ఇంట్లో చూసినా దాని చోటులోకి కొత్తది ఒకటి వచ్చింది. సర్దడం గురించి తగవు. ఒకరు గిన్నెలు పేర్చి వెళతారు. రెండోవారు వచ్చి, పెదవి విరిచి, అన్నీ తీసి మళ్లీ పేరుస్తారు. గిన్నె మీద గిన్నె పెడితే నీళ్లెలా తగులుతాయని ఒకరు, అలా వదులుగా పెడితే సగమే పడతాయని ఒకరు. మొగుడూ పెళ్లాలు కలిసి వంటింట్లో నిలబడుతున్నారు కదా, తగవైతేనేం.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ మెషిన్లకు మన దేశంలో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. పనిచేసే అమ్మాయి రాకపోతే ఇంట్లో గిన్నెలు ఎన్నవుతాయో చాలామంది మగవాళ్లకు అప్పుడే మొదటిసారి తెలిసింది. అప్పటిదాకా అవి సాయంత్రం సింకులో ఉండి, పొద్దున్న అరలో ఉండేవి.

ఇంట్లో జరిగే సభలో ఎవరూ గట్టిగా అనని మాట ఒకటుంటుంది. మెషిన్ వస్తే ఆ అమ్మాయి మాటేమిటి? గోడలకు చెవులుంటాయి కదా, ఆ సంగతి ఆమెకు ముందే తెలుస్తుంది. మాకు తెలిసిన ఇంట్లో ఆమే అడిగింది, చీపురు ఆపకుండా. "మిషను కొంటున్నారటగా అమ్మా?" ఆ ఇల్లాలికి ఏం చెప్పాలో తోచలేదు. "గిన్నెలు తగ్గుతాయి, నువ్వు మాత్రం రావాలి" అంది. జీతం మాట ఎత్తడానికి ఇద్దరికీ మొహమాటమే. చివరికి ఆమే తన చేతులు చాపి చూపించింది. రోజంతా అయిదిళ్ల నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయి, తెల్లగా పొక్కి ఉన్నాయి. "గిన్నెలు తగ్గితే మంచిదేనమ్మా. కూరలు తరిగిపెడతా, ఇల్లు తుడుస్తా. జీతం తగ్గించొద్దు" అంది. తగ్గించలేదు. అన్ని ఇళ్లలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేం. ఆ ఇంట్లో అలా జరిగింది.

అదే ఇంట్లో ఇప్పుడు రాత్రి పదింటికి పొదుపు మీట నొక్కి పడుకుంటారు. నాలుగు గంటలు పట్టినా పొద్దున్నదాకా ఎవరికీ గిన్నెలతో పని లేదు. అరగంటలో ముగించే మీట కూడా ఉంది గాని, చుట్టాలొచ్చిన రోజున తప్ప దాన్ని ముట్టుకోరు. నిండా గిన్నెలు పడ్డాకే నడుపుతారు. వారానికోసారి అడుగున ఉన్న జల్లెడ తీసి కరివేపాకులూ ఆవాలూ దులుపుతారు. తెలుగువారి మెషిన్ జల్లెడలో కరివేపాకు లేకుండా ఎలా ఉంటుంది!

మెషిన్‌కు పనికిరానివి మాత్రం సింకులోనే మిగిలిపోయాయి. ఇనప మూకుడు పెడితే తుప్పు పడుతుంది. అల్యూమినియం కుక్కరు ఆ మందుకు నల్లబడుతుంది. కళాయి పూసిన అత్తగారి ఇత్తడి గిన్నె సరేసరి. చెక్క పప్పుగుత్తి బీటలిస్తుంది. మొదటి రాత్రి నాలుగూ అలాగే ఉండిపోయాయి. రెండో రాత్రి ఉద్యోగం నుంచి రిటైరైన ఆ ఇంటి పెద్దాయన, టీవీలో వార్తలయ్యాక, ఏమీ అనకుండా లుంగీ ఎగగట్టి సింకు దగ్గరికి వెళ్లారు. అప్పటినుంచి ఆ నాలుగూ ఆయనవే. ఇత్తడి గిన్నెకు చింతపండు వాడాలని ఎవరూ చెప్పలేదు, ఎక్కడ చూసి గుర్తుపెట్టుకున్నారో. మూకుడు మాత్రం నానబెట్టరు. తోమగానే తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, రెండు చుక్కల నూనె రాస్తారు. ఆయన వెళ్లి పడుకున్నాక ఆ ఇల్లాలు వంటింట్లో లైటు వేసి, మూకుడు అడుగున వేలితో రాసి చూస్తుంది. జిడ్డుంటే మళ్లీ తోముతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.